నలభై ఎడమ చేతులు

ఆ కుట్టు కార్ఖానాలో శనివారం మధ్యాహ్నం మూడయ్యేసరికి మిషన్లన్నీ ఒక్కసారిగా నోరు మూసుకునేవి. వారమంతా ఒకదాని మీద ఒకటి అరుచుకున్న పన్నెండు మిషన్లూ, పోట్లాడి అలిసిపోయిన తోడికోడళ్లలా తలలు వాల్చి కూర్చునేవి. ఎవరి మిషను వాళ్లు వెనక్కి వంచి, అడుగున పేరుకున్న పోగులూ దుమ్మూ లాగి, చుక్క చుక్కగా నూనె పోసి తుడిచేవాళ్లు. నూనె ఇంకడానికి గంట పట్టేది. ఆ గంటలో మిషను తొక్కకూడదు. తొందరపడి తొక్కితే సోమవారం కుట్టే మొదటి బట్ట మీద మరక పడుతుంది.

పాటల పద్ధతి పుట్టింది ఆ గంటలోనే. పుట్టించినవాడు ఇస్త్రీ తాత. ఆయన బల్ల కింద ఒక పాటల పెట్టె ఉండేది. వారానికొకరి వంతు. వంతు వచ్చినవాళ్లు తమకిష్టమైన పాట ఒకటి వేయాలి. కానీ వేసే ముందు ఆ పాట తమనెక్కడ, ఎప్పుడు పట్టుకుందో చెప్పి తీరాలి. పాట వేయడం రేడియోకి కూడా వచ్చు, మనిషన్నవాడు కథ కూడా చెప్పాలని తాత వాదన.

తాత కథ అందరికీ కంఠతా వచ్చు. ఇరవయ్యో ఏట సైకిలు నేర్చుకుంటూ ఒక సందులో పోతుంటే ఏదో కిటికీలోంచి పాట వినిపించిందట. ఎవరు వింటున్నారా అని మెడ తిప్పాడు. మెడతో పాటు సైకిలూ తిరిగింది. తిన్నగా పోయి బట్టలారేసిన తాడుకు తగులుకుని, ఆ ఇంటివాళ్ల బట్టలన్నీ మీదేసుకుని రెండు వీధులు దాటాక గానీ ఆగలేదు. బట్టలు తిరిగివ్వడానికి వెళ్లినవాడు ఆ ఇంటికి అల్లుడయ్యాడు. ఇప్పటికీ ఎక్కడైనా ఆ పాట మోగిందంటే చాలు, వాళ్లావిడ పరుగున వెళ్లి బట్టలు లోపలికి తెచ్చేసుకుంటుందని చెప్పి, తన కథకు తనే అందరికంటే ముందు నవ్వేవాడు.

గుడ్డ అంచులు పోగులు లేవకుండా కుట్టే ఓవర్‌లాక్ మిషను మీద కూర్చునే పిల్లది ఇంకో కథ. లెక్కల పరీక్ష మూడోసారి పోయిన రోజున ఏడుద్దామని తలుపేసుకుందట. సరిగ్గా అప్పుడే పక్కింట్లో ఎవరో హుషారైన పాట పెట్టారు. కళ్లు ఏడుస్తూనే ఉన్నాయి, కాళ్లు మాత్రం తాళం వేయడం మొదలుపెట్టాయి. కార్ఖానా యజమానురాలికి, అంటే అందరూ మేడమ్ అని పిలిచే ఆవిడకి, ఇష్టమైన పాట పన్ను పీకించుకుంటున్నప్పుడు విన్నది. అది మోగినంతసేపూ ఆవిడ ఎడమ దవడ పట్టుకునే ఉండేది. అయినా వంతు వచ్చినప్పుడల్లా అదే వేయించేది.

కథా పాటా రెండూ లేనివాడు కటింగ్ మాస్టరు ఒక్కడే.

మాస్టరు గుడ్డను ఎంత పొదుపుగా కత్తిరించేవాడో మాటను అంతకంటే పొదుపుగా కత్తిరించేవాడు. వయసు యాభై దాటింది. పెళ్లి కాలేదు. ఎందుకు కాలేదంటే వాళ్లక్క చెప్పేది ఒకటే. కుర్రతనంలో ఒక సంబంధం వచ్చింది, పిల్ల నచ్చిందా అని అడిగారు, వీడు ఆలోచించి ఆలోచించి నచ్చిందని చెప్పేసరికి ఆ పిల్లకు ఇంకోచోట పెళ్లయి పురుడు కూడా వచ్చింది. కార్ఖానాలో వంతు వచ్చినప్పుడల్లా మాస్టరు కత్తెర కీలులో ఒక చుక్క నూనె వేసుకుని, తల ఎత్తకుండా లేదనేవాడు. అలా తొమ్మిదేళ్లలో ముప్ఫై సార్లు లేదన్నాడు. తాత లెక్కపెట్టాడు.

ఆ మాస్టరు పేరు చెప్పగానే అందరికీ గుర్తొచ్చేది ఇంకొకటి ఉంది. మిషన్లు తుడిచే గుడ్డలు. పసుపు మీద ఎర్రచుక్కల అచ్చు. ఒక్కొక్కటీ ఒక్కో చొక్కా చెయ్యి, అన్నీ ఎడమ చేతులే. తొమ్మిదేళ్ల కిందట ఒక బ్యాండు వాళ్లకు నలభై చొక్కాలు కుట్టాల్సి వచ్చింది. గుడ్డను నలభై పొరలు పరిచి, పై పొర మీద అట్ట నమూనా పెట్టి సుద్దతో గీసి కోస్తారు. ఒక చెయ్యి గీశాక అట్టను బోర్లించి రెండోది గీయాలి. అచ్చు గుడ్డకు పైవైపు ఒకటే గనక, బోర్లించకపోతే రెండూ ఒకే చెయ్యి అవుతాయి. పని నేర్చుకునే మొదటి వారంలోనే నేర్పే పాఠం అది. చేతిలో అట్ట ఉంటే నిద్రలో కూడా బోర్లించగలడని పేరున్న మాస్టరు ఆ రోజు బోర్లించలేదు. ఎనభై చేతులొచ్చాయి, ఎనభైయ్యూ ఎడమవే. మేడమ్ తల పట్టుకుని ఏమైందని అడిగితే సుద్ద జారిందన్నాడు. అంతకు మించి ఒక్క ముక్క రాలేదు. కుడి చేతులకు వేరే గుడ్డ తెప్పించారు. మిగిలిపోయిన నలభై ఎడమ చేతులనూ మేడమ్ సంచిలో వేసి అటక మీద పెట్టించింది. అప్పటినుంచీ శనివారం శనివారం మిషన్ల నూనె తుడుస్తూ అవి ఒక్కొక్కటే నల్లబడి, చిరిగి, వెళ్లిపోతున్నాయి. సంచిలో ఇక మూడే మిగిలాయి.

సుద్ద ఎందుకు జారిందో మాస్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. బ్యాండు గుడ్డ పరిచిన రోజునే కాజాలక్క పనిలో చేరింది.

కోటులకు చేత్తో కాజాలు కుట్టే మనిషి ఆమె. పెళ్లయిన రెండేళ్లకే భర్త పోతే, అప్పటినుంచీ సూదినే నమ్ముకుని బతికింది. వెలుతురు కోసం ఆమె స్టూలు కిటికీ పక్కన వేశారు. కిటికీ పక్కన ఉన్నది కటింగ్ బల్ల. కాజా కుట్టేటప్పుడు ఆమె పెదవులు కదపకుండా, తనకే తెలియకుండా ఒక రాగం తీసేది. శనివారం తన వంతుకు ఆమె వేసే పాట వేరు, ఇది వేరు. ఒక అంచు వెంట కుట్లు పైకి పోతున్నంతసేపూ రాగం నిండు బిందె మోసే మనిషిలా ఒద్దికగా నడిచేది. కాజా చివర గుండ్రంగా మలుపు తిరిగే చోట, కాలికింద ముల్లు గుచ్చుకున్నట్టు ఒక్క గంతు వేసేది. రెండో అంచు వెంట కిందికి వచ్చేటప్పుడు గునగునా పరుగే. ఒక కాజాకు ఒక పాట. దారం ముడిపడితే రాగం ఆగేది. ముడి విడితే ఆగిన చోటే అందుకునేది. ఆమె వైపు చూడకుండానే ఆమె ఎన్నో కుట్టులో ఉందో మాస్టరు చెప్పగలడు. ఎవరూ అడగలేదు కాబట్టి చెప్పలేదు.

ఆ శనివారం నూనె గంటలో కాజాలక్క తన కబురు చెప్పింది. వేరే ఊళ్లో ఉన్న చెల్లెలు కోటుల దుకాణం పెట్టిందట. చేతి పనికి నమ్మకమైన మనిషి లేక అక్కను రమ్మందట. మాటిచ్చేసింది. వచ్చే శనివారం వరకే ఇక్కడ పని. సోమవారం పొద్దున బస్సు.

అందరూ ఒకేసారి మాట్లాడారు. మాస్టరు మాత్రం కత్తెర కీలులో రెండో చుక్క వేశాడు. తరవాత మూడోది వేశాడు. నూనె బల్ల మీదికి కారింది. అది చూసింది ఇస్త్రీ తాత ఒక్కడే. మనిషి పైకి కునుకుతున్నట్టే ఉంటాడు గానీ, ఎవరి చొక్కాలో ముడత ఎక్కడుందో కళ్లు మూసుకుని చెప్పే రకం.

“వచ్చే శనివారం వంతు ఎవరిదో?” అన్నాడు తాత తనలో తను అనుకున్నట్టు. “మాస్టరుది. సరేలే, లేదంటాడు. ఆ తరవాతి వంతువాళ్లను సిద్ధంగా ఉండమనండి.”

“ఉంది,” అన్నాడు మాస్టరు.

ఓవర్‌లాక్ పిల్ల చేతిలోని నూనె డబ్బా కింద పడింది.

*

అనడమైతే అన్నాడు. కానీ ఆ పాట ఏదో అతనికి తెలియదు. మాటలు తెలియవు. ఎవరు పాడారో, ఎప్పటిదో తెలియదు. తొమ్మిదేళ్లుగా కాజాలక్క గొంతులో తప్ప ఇంకెక్కడా వినలేదు. పాట దొరికితే తాత పెట్టెలో వేయించి, అది మోగుతుండగా చెప్పవలసిన నాలుగు ముక్కలూ చెప్పేయాలని అతని ఆలోచన. పాట చాటున ఉంటే ధైర్యం వస్తుంది. పాట లేకుండా నిలబడి మాట్లాడడం తనవల్ల కాదని అతనికి బాగా తెలుసు. చెప్పకపోతే సోమవారం బస్సు వెళ్లిపోతుంది.

ఆదివారం పొద్దున మొహం కడుక్కుంటూ, గుర్తు చెడకుండా ఉండేందుకు ఆ రాగం తీసి చూసుకున్నాడు. వంటింట్లోంచి అక్క లవంగం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది. ఏ పన్నని అడిగింది. పన్ను కాదన్నాడు. మరి ఆ మూలుగేమిటంది. పాటన్నాడు. అక్క ఆ లవంగం తన నోట్లో వేసుకుని, పీట లాక్కుని ఎదురుగా కూర్చుంది.

“ఎవర్రా?” అంది.

“కాజాలు,” అన్నాడు మాస్టరు.

వాళ్లక్క కాసేపు లవంగం నమిలింది. ముప్ఫై ఏళ్లుగా ఆ మనిషి ఎదురుచూసిన మాట అది. మొహం చాటంత చేసుకుని కూడా మాట మాత్రం మామూలుగానే అంది. “ఈసారైనా పురుడు రాకముందే చెప్పు.”

సోమవారం సాయంత్రం మాస్టరు రేడియో మెకానిక్ కొట్టుకు వెళ్లాడు. పాత పాటల విషయంలో ఆ వీధికి ఆయనే పెద్ద దిక్కు. మాటలేమిటని అడిగాడు మెకానిక్. లేవన్నాడు మాస్టరు. మాటల్లేని పాటను ఎలా వెతకను, రాగమైనా తీయమన్నాడు. మాస్టరు వీధికి అటూ ఇటూ చూసి, కొట్టు లోపలికి ఒక అడుగు వేసి, పగిలిన టీవీ వైపు తిరిగి తీశాడు. మెకానిక్ చేతిలో పని పక్కన పెట్టి ఇంకోసారన్నాడు. ఇంకోసారి తీశాడు. ఎడ్లబండిలా మొదలై మోటారు సైకిల్లా ముగుస్తోందేమిటని మెకానిక్ బుర్ర గోక్కున్నాడు.

ఫ్యాను బాగు చేయించుకోవడానికి వచ్చినాయన మొదటి సగం తనకు తెలుసునన్నాడు, నాలుక చివర ఉందన్నాడు, రాత్రికి గుర్తొస్తుందన్నాడు. టార్చి లైటు కోసం వచ్చినావిడ మొదటి సగం కాదు, రెండో సగం తెలుసంది. ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. నువ్వు తీసి చూపించంటే నువ్వు తీసి చూపించని ఇద్దరూ తీశారు. ఆ హడావుడి చూసి దారిన పోయేవాళ్లు ఆగారు. మెకానిక్ తన ఫోను మాస్టరు నోటి ముందు పెట్టి, ఇది రాగం విని పాట పేరు చెబుతుందన్నాడు. ఫోను మూడుసార్లు విని మూడు పాటలు చూపించింది. అందులో ఒకటి చంటిపిల్లల్ని నిద్రపుచ్చేది, ఒకటి ఎవరికీ తెలియని భాషది, ఒకటి సబ్బు ప్రకటన. నాలుగోసారి అది కూడా చేతులెత్తేసింది.

మంగళవారానికి ఫ్యానాయనకు గుర్తు రాలేదు సరికదా, ఆ రాగం బుర్రలో దూరి నిద్ర పట్టనివ్వలేదు. బుధవారం ఆయన దగ్గర్నుంచి అది క్షౌరశాలకు ఎక్కింది. అక్కడ అద్దాల ముందు కూర్చున్న నలుగురు తలా ఒక ముక్కా పట్టుకుని నాలుగు దిక్కులకూ పోయారు. టార్చి లైటావిడ దాన్ని నీళ్ల పంపు దగ్గర వదిలింది. గురువారానికి పాలు పోసేవాడు తీస్తున్నాడు, టీకొట్టాయన గిన్నె మీద గరిటెతో తాళం వేస్తూ తీస్తున్నాడు, ట్రాఫిక్ పోలీసు మలుపు దగ్గర సరిగ్గా గంతు పడే చోట చెయ్యి ఊపుతున్నాడు. వీధి వీధంతా ఆ పాటను వెతుకుతోంది. పట్టుకున్నవాడు మాత్రం లేడు. మాస్టరు తల వంచుకుని ఆ వీధిలోంచే పనికి నడిచి వచ్చేవాడు. అతన్ని చూడగానే రెండు పక్కలనుంచీ జనం దొరికిందా అని అడిగేవాళ్లు. జీవితంలో అంతమంది అతనితో మాట్లాడిన వారం అంతకుముందు లేదు. అతనూ మాట్లాడాడు. లేదండీ, ఇంకా లేదండీ, మీకేమైనా తట్టిందా అండీ అని మొత్తం మీద ఏడెనిమిది మాటలు అయ్యాయి. వాళ్లక్క విని, తమ్ముడికి ఇక మాట వచ్చేసిందని తీర్మానించింది.

శుక్రవారం పొద్దున కాజాలక్క స్టూలు మీద కూర్చుని, సూదిలోకి దారం ఎక్కిస్తూ గట్టిగానే అంది. “ఈ ఊరికేమైందో తెలియదు గానీ, పాలవాడి దగ్గర్నుంచి టీకొట్టాయన దాకా అందరూ నా రాగమే తీస్తున్నారు. ఎవరు పంచారో మరి.”

మాస్టరు చేతిలో సుద్ద రెండు ముక్కలైంది. తాత ఇస్త్రీ పెట్టెలోంచి ఆవిరి వదిలి, ఆ ఆవిరి చాటున నవ్వుకున్నాడు.

అంతటితో ఆగినా బాగుండేది. తన రాగం తనకే వింతగా తోచిందో ఏమో, కాజాలక్క ఆ రోజంతా నోరు మెదపకుండా కుట్టింది. కిటికీ వైపునుంచి సూది గుడ్డలో దూరే చిన్న చప్పుడు తప్ప ఇంకేమీ రాలేదు. మాస్టరుకు చెయ్యి ఆడలేదు. ఆమె ఎన్నో కుట్టులో ఉందో తెలియకుండా కత్తెర ఎలా వేయాలో అతనికి అంతుపట్టలేదు. మధ్యాహ్నం దాకా ఒక కాలరు కోసి, అది సరిగా రాక ఇంకోటి కోసి, చివరికి గుడ్డ మీద చేతులు ఆనించి ఊరికే నిలబడ్డాడు. సోమవారం నుంచి రోజూ ఇలాగే ఉంటుందని అప్పుడు అర్థమైంది.

*

శనివారం మూడయింది. మిషన్లు ఆగాయి. మేడమ్ కూడా తన గదిలోంచి కుర్చీ తెచ్చుకుని వేసుకుంది. ఎవరూ నూనె పోయడం లేదు. అందరూ తలో ఎర్రచుక్కల గుడ్డ చేత్తో పట్టుకుని మాస్టరు వైపే చూస్తున్నారు. తాత పాటల పెట్టె బల్ల మీదికి ఎక్కించి, ఏ పాటో చెప్పమన్నాడు.

“పాట దొరకలేదు,” అన్నాడు మాస్టరు.

తాత మొహం తడిసిన అట్టలా అయింది. ముప్ఫై ఒకటని లెక్క వేయబోయాడు. కానీ మాస్టరు కూర్చోలేదు. కత్తెర బల్ల మీద పెట్టాడు. చేతిలో కత్తెర లేకుండా అతను నిలబడడం అక్కడెవరూ ఎరగరు. ఆ చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో అతనికీ తెలియలేదు.

“పెట్టెలో లేదు. అక్కడుంది,” అని బల్ల మీది సుద్దముక్క తీసుకుని కిటికీ వైపు చూపించాడు. “ఆవిడ కాజా కుట్టేటప్పుడు తీస్తారే, అదే నా పాట. అదేం పాటో వారమంతా వెతికాను. ఊరందరినీ అడిగాను. ఎవరికీ తెలియలేదు. ఇక కథ చెబుతాను.”

కాజాలక్క సూది గాల్లోనే ఆగింది.

మాస్టరు చెప్పాడు. తడబడుతూ, ఆగుతూ, ఒక వాక్యం కత్తిరించి పక్కన పెట్టి ఇంకోటి అందుకుంటూ చెప్పాడు. ఆమె వచ్చిన మొదటి రోజున, తాను ఎడమ చెయ్యి గీస్తుండగా పక్కనుంచి రాగం మొదలైందనీ, నెమ్మదిగా పోయి పోయి ఒక్కసారిగా గంతు వేసిందనీ, ఆ గంతు మళ్లీ ఎప్పుడొస్తుందా అని చెవి అటు పెట్టాననీ చెప్పాడు. రెండో కాజాలో గంతు వచ్చేసరికి తన చేతిలో సుద్ద రెండో చెయ్యి గీసేసిందనీ, అట్ట బోర్లించిందీ లేనిదీ చూసుకోనేలేదనీ, మూడో కాజాకు కత్తెర వేసేశాననీ చెప్పాడు.

“సుద్ద జారిందన్నావు కదయ్యా నాతో,” అంది మేడమ్. ఆవిడ చెయ్యి తెలియకుండానే ఎడమ దవడ మీదికి పోయింది.

“జారలేదండీ.”

గదిలో ఉన్న పదిహేనుమందీ ఒకరి తరవాత ఒకరు తమ చేతుల్లోని గుడ్డల వైపు చూసుకున్నారు. తొమ్మిదేళ్లుగా మిషన్ల మురికి తుడిచిన గుడ్డలు. ఓవర్‌లాక్ పిల్ల తన గుడ్డను మెల్లగా నాలుగు మడతలు వేసి ఒళ్లో పెట్టుకుంది. తాత తన చేతిలోదానితో ముక్కు తుడుచుకోబోయి, నూనె వాసన తగిలి ఆగిపోయాడు.

అప్పుడు కాజాలక్క నవ్వడం మొదలుపెట్టింది. మొదట భుజాలు కదిలాయి. తరవాత స్టూలు కదిలింది. సూది గుచ్చుకోకుండా పెట్టుకున్న వేలి తొడుగు ఊడి దొర్లుకుంటూ పోయి కటింగ్ బల్ల కింద పడింది. మాస్టరు వంగి అది తీసి, ఇవ్వాలో వద్దో తెలియక చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

“అది పాట కాదండీ మాస్టరుగారూ,” అంది కళ్లు తుడుచుకుంటూ. “రెండు పాటలు. రెండూ సగం సగం. మా ఇంట్లో రేడియో ఒకటే ఉండేది. మా అమ్మకొక పాట ఇష్టం, మా నాన్నకొకటి. రెండూ ఒకే వేళకి, రెండు వేరే స్టేషన్లలో వచ్చేవి. అమ్మ పాట సగం అయ్యేసరికి నాన్న పనిలోంచి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా రేడియో మీట తిప్పేసేవాడు. ఆయన పాట అప్పటికే సగం అయిపోయి ఉండేది. అమ్మ గరిటె పట్టుకుని వెంటపడేది. నేను మధ్యలో కూర్చుని జడ వేసుకునేదాన్ని. అమ్మ పాట చివర ఎలా ఉంటుందో నాకు తెలియదు. నాన్న పాట ఎలా మొదలవుతుందో ఆయనకే తెలుసో లేదో. మీరు గంతు గంతు అంటున్నారే, అది మా నాన్న మీట తిప్పిన చోటు.”

రేడియో కొట్టు దగ్గర ఫ్యానాయనా టార్చి లైటావిడా ఎందుకు పోట్లాడుకున్నారో మాస్టరుకు అప్పుడు బోధపడింది. ఇద్దరిదీ నిజమే. ఆ సంగతి తట్టగానే అతనికీ నవ్వొచ్చింది. మాస్టరు నవ్వు అంతకుముందు అక్కడ ఎవరూ విని ఎరగరు. ఎక్కువ కాలం వాడని మిషనులా మొదట కిర్రుమని, ఆపైన సాఫీగా నడిచింది.

“తొమ్మిదేళ్లు పక్కనే కూర్చున్నాను,” అంది కాజాలక్క. “ఒక్కసారి అదేం పాటండీ అని అడగలేకపోయారా?”

“కాజా మధ్యలో ఆపితే దారం వదులవుతుంది కదండీ.”

“కాజాకీ కాజాకీ మధ్య?”

మాస్టరు నిజంగానే ఆలోచించాడు. “అప్పుడు సూదిలోకి దారం ఎక్కిస్తుంటారు. గురి తప్పుతుందని.”

ఇక గది ఆగలేదు. తాత ఇస్త్రీ బల్ల మీద అరచేత్తో కొట్టి కొట్టి నవ్వాడు. మేడమ్ దవడ వదిలేసి నవ్వింది. ఓవర్‌లాక్ పిల్ల నవ్వుతూ ఏడుస్తూ ఉంది, కాళ్లు వాటంతటవే తాళం వేస్తున్నాయి. ఆ గోలలోనే మాస్టరు రెండడుగులు కిటికీ వైపు వేసి, వేలి తొడుగు ఆమె అరచేతిలో పెట్టి, మిగిలిన ముక్క కూడా చెప్పేశాడు.

“మిమ్మల్ని వెళ్లొద్దనడానికి నేనెవరిని. అయినా వెళ్లొద్దంటున్నాను.”

నవ్వులు ఒక్కసారిగా సద్దుమణిగాయి. కాజాలక్క వేలి తొడుగు తొడుక్కుంది. కుడుతున్న కాజా చివరి రెండు కుట్లూ వేసి, దారం కొరికి, కోటు మడిచి పక్కన పెట్టింది. మాస్టరుకు ఆ రెండు కుట్లూ తొమ్మిదేళ్ల పొడవయ్యాయి.

“సోమవారం బస్సు ఎక్కాలి,” అంది. “చెల్లెలికి మాటిచ్చాను. అక్కడ అరవై కోటులు కాజాలు లేకుండా పడి ఉన్నాయి. అవి అయ్యేదాకా ఉంటాను. నెల పడుతుంది. ఆ తరవాత కూడా ఉండమంటుంది. ఉండనని చెబుతాను.” అని సంచి తెరిచి సూదులు పెట్టుకునే తిత్తి తీసింది. పసుపు మీద ఎర్రచుక్కలు, ఇంకా రంగు వెలిసిపోనివి. మొదటి నెలలోనే అటక మీది సంచిలోంచి ఒకటి తీసి కుట్టుకుందట. ఎందుకు తీశారని ఎవరో అడిగితే, చేతులన్నీ ఎడమవే కోసిన మనిషి ఎలాంటి మనిషై ఉంటాడా అని ముచ్చటేసిందంది. “ఈ నెల రోజుల్లో మీరో పని చేయండి. మా అమ్మ పాట చివరి సగం, మా నాన్న పాట మొదటి సగం వెతికి పెట్టండి.”

“దొరక్కపోతే?” అన్నాడు మాస్టరు.

“దొరక్కపోతే ఇద్దరం కలిసి వెతుకుదాం. మీ అక్కగారికి ఇప్పుడే చెప్పండి, ఆలోచించుకుని చెప్పకండి.”

తాత పాటల పెట్టె బల్ల కిందికి తోసేశాడు. ఇవాళ దానితో పని లేదన్నాడు. కాజాలక్కను పాడమన్నారు. ఆమె రాగం అందుకుంది. గంతు దగ్గరికి వచ్చేసరికి పదిహేనుమందీ కలిసి గంతేశారు. బయట టీకొట్టాయన విని అందుకున్నాడు. ఆ రోజు ఏ మిషనుకూ నూనె పడలేదు.

*

సోమవారం పొద్దున బస్సు దగ్గరికి మాస్టరుతో పాటు వాళ్లక్క కూడా వెళ్లింది. బస్సు కదిలేదాకా ఆవిడ కాజాలక్క చెయ్యి వదల్లేదు. మాస్టరు కిటికీ కింద నిలబడి, ఏమీ తోచక రాగం తీశాడు. కండక్టరు అది విని, మీరేనా ఆ పాట వెతికేదని అడిగాడు.

పదింటికి మాస్టరు కార్ఖానాకు వచ్చాడు. ఒక హోటలు వాళ్ల చొక్కాలు, ఆకాశం రంగు మీద తెల్లచుక్కలు, నలభై పొరలు. కిటికీ పక్కన స్టూలు ఖాళీగా ఉంది. మాస్టరు ఆ వైపు చూడలేదు. పనిచేస్తున్నంతసేపూ ఆ రాగం తనే తీశాడు, పైకే, ఎవరు వింటున్నారన్న జంకు లేకుండా. మధ్యాహ్నానికి చేతులన్నీ కట్టలు కట్టి కుట్టుకు పంపాడు.

కాసేపటికి ఓవర్‌లాక్ పిల్ల రెండు చేతుల నిండా కట్టలు పట్టుకుని మేడమ్ గదిలోకి వెళ్లింది. మేడమ్ ఒక చెయ్యి తీసి చూసింది. ఇంకోటి తీసింది. పక్కపక్కన పరిచింది. ఎనభైయ్యూ కుడివే.

ఆవిడ బయటికి వచ్చి మాస్టరు ముందు నిలబడింది. మాస్టరు చేతిలో సుద్ద ఉంది. సుద్ద జారిందని మాత్రం ఈసారి చెప్పలేదు.

“గంతు దగ్గర...” అన్నాడు.

మేడమ్ అటక మీది సంచి దింపించి, ఎక్కువైన నలభై కుడి చేతులనూ అందులో తనే కూరింది.

“మంచిదే అయింది,” అంది. “తుడుచుకునే గుడ్డలు మూడే ఉన్నాయి. ఆవిడకు ఉత్తరం రాయి, నెల దాటితే ఈ కార్ఖానాలో చొక్కాకి గుడ్డ మిగలదని.”